ఎఱ శీర్షికలు

2024వ సంవత్సరము డిసెంబరు మాసమున గూగుల్ సంస్థవారు మన దేశమును ప్రత్యేకముగా నుద్దేశించి యొక ప్రకటన గావించిరి. యూట్యూబునందలి వీడియోల పేర్లలోగాని, వానికి ముందు తగిలించు బొమ్మలలోగాని, లోపల లేని సంగతిని ఉన్నట్లు చూపి జనులను మోసగించినచో నట్టివానిని తొలగింతుమనియు, మొదట కొంతకాలము తొలగింపే తప్ప వేఱు దండన యుండదనియు వారు తెలిపిరి. వారిచ్చిన యుదాహరణము ముచ్చటగా నున్నది: "అధ్యక్షుడు రాజీనామా!" అని పేరు పెట్టి, లోపల రాజీనామా ప్రసక్తియే లేకుండుట. వార్తలకును వర్తమాన విషయములకును సంబంధించిన మోసమును ముందుగా నరికట్టుదురట. ఇందుకు సంతసింపవలసినదే. కాని యిన్ని దేశములుండగా నీ కట్టడి మొట్టమొదట మనకే యేల వర్తింపవలసివచ్చెనని యాలోచించినప్పుడు సంతసము కొంత తగ్గుచున్నది. ఇంతమంది చూపరులును, ఇంత మోసమును ఒక్కచోట గూడిన దేశము వేఱొకటి వారికి గానరాలేదు కాబోలు.

తెలుగువారి ఫోనులలో నీ విద్య యెంత పండినదో వేఱుగా జెప్పనక్కఱలేదు. "షాకింగ్", "సంచలనం", "అసలు నిజం ఇదే", "చివరి వరకు చూడండి", "ఎవరికీ చెప్పకండి". ఎవరికిని చెప్పవలదని లక్షలమందికి చాటు రహస్యము లోకమున నిదియొక్కటే. బొమ్మలో నోరు తెఱచిన మొగము, ఎఱ్ఱని వలయము, దానివైపు చూపు బాణము. ఆ వలయములో నేమున్నదని భూతద్దముతో వెదకినను గోడ తప్ప వేఱేమియు గానరాదు. ఇవి నవ్వి త్రోసివేయదగిన వేషములు. నవ్వరానివి కొన్ని గలవు. 2023 మార్చిలో ప్రసిద్ధనటుడు కోట శ్రీనివాసరావుగారు మరణించిరని యంతర్జాలమున వార్త ప్రాకినది. పరామర్శల ఫోనులు మ్రోగినవి. పోలీసులు నింటికి వచ్చిరి. తాను బ్రదికియున్నానని యా వృద్ధుడే యొక వీడియోలో జెప్పుకొనవలసివచ్చెను. ఆయన పరమపదించినది 2025 జులై 13వ తేదీన. బ్రదికియున్నవాని బొమ్మకు దండ వేసి కాసులు రాల్చుకొను వృత్తి యొకటి మన భాషలో నేర్పడినదనుట యెంత సిగ్గుచేటు!

ఎఱ శీర్షిక నిన్న మొన్న పుట్టినది కాదు. అది పత్రికల యింటి బిడ్డయే. 1835 ఆగస్టులో న్యూయార్కు నగరమున 'సన్' అను ఒక సెంటు వెలగల దినపత్రిక, సర్ జాన్ హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు దక్షిణాఫ్రికానుండి దూరదర్శినితో జూచి చంద్రమండలమున గబ్బిలపు ఱెక్కలుగల మనుష్యులను గనుగొనెనని వరుసగా వ్యాసములు ప్రకటించినది. అంతటి ఘనకార్యము తాను చేసితినని హెర్షెలున కప్పటికి తెలియనే తెలియదు. ఆ శతాబ్దాంతమున పులిట్జరు, హెర్‌స్టు అను నిరువురు పత్రికాధిపతులు పోటీపడి పెద్ద యక్షరములతో నింపిన పుటలకే "ఎల్లో జర్నలిజమ్" అను పేరు వచ్చినది.

అయినను రెండింటికిని భేదము గలదు. పత్రిక యబద్ధమాడినచో దాని యడుగున ముద్రాపకుని పేరును ప్రకాశకుని పేరును ఉండును, కార్యాలయమునకు బోయి నిలదీయవచ్చును, న్యాయస్థానమున కీడ్వవచ్చును. అంతకంటె ముఖ్యమగునది, పత్రిక యూరంతకును ఒక్కటే. రచ్చబండకడ నొకడు చదివినది పదిమంది విందురు. అబద్ధమైనచో నా పదిమందిలో నొకడైన ఖండించును. ఈ యంత్రమో, ప్రతివానికి వేఱువేఱు పత్రికను అచ్చొత్తుచున్నది. తండ్రి ఫోనునందు గనబడునది కొడుకు ఫోనునందు గనబడదు. ప్రక్కమంచముమీద గూర్చున్న భార్యకు రాత్రి యే వైద్యము బోధింపబడినదో భర్త యెఱుగడు. పదిమంది విననిదానిని ఖండించు వారెవరు?

ఈ యంత్రము సంగతి కొంత తెలిసికొందము. యూట్యూబు 2005లో స్థాపింపబడి, మఱుసటి సంవత్సరమే 165 కోట్ల డాలరులకు గూగులువారి వశమైనది. అందు మొట్టమొదట నుంచబడిన వీడియో శాండియాగో జంతుప్రదర్శనశాలలో నేనుగుల యెదుట నొక యువకుడు నిలిచి మాటాడినది; పందొమ్మిది సెకండ్లలో ముగిసినది. నేడు మనవారి ఛానళ్లలో నంతసేపటికి నమస్కారమైన ముగియదు.

మొదట నేదానిని ఎక్కువమంది తెఱచిరో దానినే యంత్రము పైకి దెచ్చెడిది. తెఱచుటయే లెక్క యైనప్పుడు తెఱపించుటయే విద్య యగును. బొమ్మలు బొంకుట కది యదను. అందుచేత 2012లో లెక్కను మార్చిరి. తెఱచినవా రెందఱను దానికంటె, చూచిన కాలమెంత యనుదానికి పెద్దపీట వేసిరి. 2016లో వారి యింజనీర్లు ప్రకటించిన వ్యాసమున నీ పద్ధతి వివరింపబడినది. కోట్లకొలది వీడియోలనుండి మొదట కొన్నివందలను ఏఱుదురు. పిమ్మట నీ మనుష్యుడు దేనిని ఎంతసేపు చూడవచ్చునో యంచనావేసి వరుస గట్టుదురు. తెఱచుట నొక్కదానినే లెక్కించినచో మోసపు శీర్షికలు పైకి వచ్చునని యా వ్యాసముననే యున్నది. కనుక రోగ మేదో వారికి తెలియును. మందు వేసిరి. ఆ మందు వేఱొక రోగమును దెచ్చినది.

ఆ రోగ మెట్టిదో రైతు తోటలో జూడవచ్చును. 2021–22 పంటకాలమున గుంటూరు, ఖమ్మము మొదలగు ప్రాంతముల మిరపతోటలకు నల్ల తామరపురుగు పట్టినది. పూవులలో దూరి రసము పీల్చి పూతను రాల్చు నా సూక్ష్మకీటకము మన మిరపరైతులకు క్రొత్తది. తోటలకు తోటలే పాడైనవి. ఎకరమునకు లక్షలు పెట్టుబడి పెట్టిన కౌలుదారులు అప్పులపాలైరి. అట్టి రైతు తెల్లవాఱక ముందే గట్టున నిలిచి ఫోను తెఱచి పురుగు పేరు చెప్పి వెదకును. శాస్త్రజ్ఞుడు చెప్పవలసిన మాట చిన్నది: నీలిరంగు జిగురు అట్టలు కట్టుము, వేపనూనె వాడుము, దొరకిన మందులన్నియు గలిపి కొట్టకుము, అది మిత్రపురుగులను జంపి శత్రువునే పెంచును. మూడు నిమిషముల మాట. రైతు విని, ఫోను జేబులో వేసికొని తోటలోనికి బోవును. యంత్రము దృష్టిలో నీతడు చేజాఱిన గిరాకి.

వేఱొకడు "ఒక్క స్ప్రే, తెల్లారేసరికి పురుగు మాయం" అని పేరు పెట్టును. మొదట పురుగు పుట్టుపూర్వోత్తరములు, నడుమ తన ఛానలు మాహాత్మ్యము, పిమ్మట "ఆ మందు పేరు చివర చెబుతాను" అను వాగ్దానము. పదునాలుగు నిమిషములు గడచును. రైతు గుండె యరచేత బట్టుకొని తుదివఱకు నిలుచును. నిలిచెననియే యంత్రమునకు తెలియును. ఎందుకు నిలిచెనో తెలియదు. ఆ మనుష్యుని యాదుర్దాను అది యాసక్తిగా వ్రాసికొనును. మరునా డట్టి రైతులు వేయిమందికి నా రెండవదానినే ముందు బెట్టును. సమాధానము నిచ్చి పంపినవాడు వెనుకబడెను. సమాధానమును దాచి నిలిపినవాడు గెలిచెను.

ఆ పదునాలుగు నిమిషములకు వేఱొక కారణము గూడ గలదు. 2020 జులై నుండి యెనిమిది నిమిషములకు దక్కువ గాని వీడియోల నడుమ ప్రకటనలు జొప్పింపవచ్చును. అంతకు ముందు పది నిమిషము లుండవలెను. వచ్చిన ప్రకటనల సొమ్ములో నూటికి 55 వంతులు తీసినవానికి, తక్కినది సంస్థకు. ఆ పాలు ముట్టుటకుగూడ 2018 నుండి యొక కట్టడి యున్నది: వేయిమంది చందాదారులును, పండ్రెండు నెలలలో నాలుగువేల గంటల చూపును గూడవలెను. నాలుగువేల గంటలనగా రెండు లక్షల నలుబదివేల నిమిషములు. చదువుకొని యుద్యోగము లేక పల్లెటూరి మిద్దెమీద కెమెరా నిలుపుకొన్న కుఱ్ఱవాడు ఈ నిమిషముల నెక్కడ దెచ్చును? ఉన్న సంగతిని సాగదీయును, లేనిచో కల్పించును. వానిని దూషించుట సులభము. ఆ గుమ్మమును గట్టినవారిని మన మెన్నడు నడుగలేదు.

నీల్ మోహన్ అను భారతసంతతి యున్నతోద్యోగి (నేడా సంస్థకు ముఖ్యాధికారి) 2018 జనవరిలో జెప్పినదానినిబట్టి, యూట్యూబున జనులు గడపు కాలమున నూటికి 70 పాళ్లకు పైగా యంత్రము సిఫారసు చేసినదానితోనే గడచుచున్నది. అనగా మనము వెదకినది స్వల్పము. మనకు వడ్డింపబడినది అధికము. వడ్డనకు ముందు మన రుచు లడుగుదురని వారందురు. క్రిస్టోస్ గుడ్రో అను నుద్యోగి 2021లో వ్రాసినదాని ప్రకారము, దినమునకు 8,000 కోట్లకు పైబడిన గుఱుతులను యంత్రము పరిశీలించుచున్నదట. చూపరుల నప్పుడప్పుడు ప్రశ్నించి, వా రయిదింట నాలుగో యయిదో నక్షత్రములు వేసిన కాలమునే విలువగల కాలముగా నెన్నుచున్నారట. ఇది మెచ్చదగిన ప్రయత్నమే. కాని చేనిగట్టున బురదచేతులతో నిలిచిన మనుష్యుడు నక్షత్రములు వేయుటకు గూర్చుండునా?

యంత్రపు వింతలన్నియు కీడులని మా యభిప్రాయము కాదు. జపానులో మరియా టకెయుచి యను గాయని 1984లో పాడిన 'ప్లాస్టిక్ లవ్' అను పాటను 2017లో నొక యభిమాని యూట్యూబునం దుంచెను. మూడు దశాబ్దములు దేశము దాటని యా పాటను యంత్రము తనకు దోచినట్లు లోకమంతటను వడ్డించినది; జపాను భాషలో నొక్క ముక్క రానివారు సైతము కోట్లసారులు వినిరి. ఎవ్వరును కోరలేదు, ఎవ్వరును ప్రచారము చేయలేదు. ఏల వడ్డించెనో చెప్పగలవారును లేరు. కాకతాళీయమందుమా, కరుణ యందుమా? మన మస్తానమ్మ యవ్వను దలపుడు. నూఱేండ్లు దాటిన వయస్సున పొలములో మూడు రాళ్లమీద కుండ బెట్టి వండిన యామె వంటను చూచి 2018లో నామె కన్నుమూయునాటికే లోకమున లక్షలమంది యాత్మబంధువులైరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ తన పల్లెమాటతో, చిన్నెలు పెట్టని నవ్వుతో, పట్నపు తారలను మించిన పేరు గాంచెను. ఏ సినిమాకంపెనీ తలుపు దట్టినను వీరికి లోపల బ్రవేశము దొరకియుండదు. ఈ మేలు మఱువరానిది.

ఐనను అదే గ్రుడ్డిలెక్క పసిపిల్లల యెదుట నేమి చేసెనో 2017లో లోకము చూచినది. పిల్లలు ప్రేమించు బొమ్మలకథల పాత్రలను దొంగిలించి, సూదులు, నెత్తురు, భయోత్పాతము గలిపి, పేర్లలో పిల్లలు వెదకు మాటలన్నియు గ్రుచ్చి తయారుచేసిన వీడియోలు వేలకొలదిగ బయటపడెను. జేమ్స్ బ్రైడిల్ అను నాంగ్లరచయిత యా సంవత్సరము నవంబరులో దీనిపై విపులముగా వ్రాసెను. అన్నము తినని బిడ్డ చేతికి ఫోను నిచ్చి ముద్ద పెట్టు తల్లి యెఱుగదు, ఒక పాట ముగిసిన పిమ్మట నేమి వచ్చునో. సంస్థవారు పిమ్మట పెక్కింటిని తొలగించిరి. 2019 జనవరిలో, తీవ్రరోగములకు దొంగమందులు చెప్పువానిని, భూమి బల్లపరుపని వాదించువానిని సిఫారసు చేయుట తగ్గింతుమని ప్రకటించిరి. తగ్గింపవలెనన్నచో తగ్గింపగలరని దీనివలన దేలుచున్నది. యంత్రము స్వతంత్రము, మా చేతిలో లేదనువారి మాట యిక చెల్లదు.

ఇచట భాషాప్రసక్తి వచ్చుచున్నది. మా పాఠకులు ముఖ్యముగ గమనింపవలసిన దిదియే. మొజిల్లా ఫౌండేషనువారు వేలకొలది స్వచ్ఛందుల సహాయముతో 2021లో నొక పరిశీలనను ప్రకటించిరి. చూచి నొచ్చుకొన్న వీడియోలలో నూటికి 71 యంత్రము సిఫారసు చేసినవే యని తేలినది. అంతకంటె ఘోరము, ఇంగ్లీషు ముఖ్యభాష గాని దేశములలో నట్టివి నూటికి 60 వంతు లధికముగ నెదురగుచున్నవి. దీని భావము స్పష్టము. ఇంగ్లీషున నొకడు దొంగమందు చెప్పినచో పట్టుకొనుటకు కన్నులున్నవి. తెలుగున జెప్పినచో నవి చాలవు. మన ప్రాంతముల యాసలు, నానుడులు, వెక్కిరింతలు, నాటువైద్యపు పేర్లు యంత్రమున కెవ్వరు నేర్పిరి? మన చూపును మాత్రము నిమిషము విడువక లెక్కింతురు. మన భాషను గావలి గాయుటకు లెక్క తఱుగును! పూర్వము మన ప్రత్తి ఓడలెక్కిపోయి బట్టయై తిరిగివచ్చి మనకే యమ్ముడుపోయెడిది. నేడు మన పొద్దు పోవుచున్నది. తిరిగివచ్చునది బట్టయు గాదు.

"ఇష్టము లేదు" అను మీట నొక్కవచ్చును గదా యని కొంద ఱందురు. ఆ మొజిల్లావారే 2022లో నిరువదివేలకు పైబడిన వారి ఫోల్గిన దారులను బరీక్షించి, అట్టి మీటలవలన నక్కఱలేని సిఫారసులు సగమైనను తగ్గుటలేదని తేల్చిరి. 'ఆసక్తి లేదు' అను మీటవలన నూటికి పదునొకండు మాత్రమే తగ్గినవి. ద్వారపాలకుని పిలిచి "వీనిని రానీయకు" మని చెప్పిన, తల యూచి మరల నతనినే లోపలికి బంపినట్లున్నది. పైగా 2021 నవంబరు నుండి యెందఱు నచ్చలేదనిరో ఆ సంఖ్యను గూడ చూపరులకు గనబడకుండ జేసిరి. చెడ్డ బావిలో నీరు ద్రావినవాడు గట్టున నొక కఱ్ఱ పాతి పోయెననుకొనుడు; ఆ కఱ్ఱను బెఱికివేసిరి.

ఇక ప్రభుత్వమువారు కఠినశాసనము చేసి యిట్టివాని నెల్ల తొలగింపవలెనని మన పట్టణములలో పెద్దమనుష్యులు కొందఱు వాదించుచున్నారు. వారితో మే మేకీభవింపజాలము. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషాపత్రికల శాసనమును, 1910లో జామీను లడుగు పత్రికాశాసనమును వచ్చినప్పుడు గూడ రాజద్రోహపు వ్రాతల నరికట్టుటకే యని చెప్పిరి. అరికట్టినది అబద్ధమును గాదు, నిజము చెప్పు తెలుగు, బెంగాలీ, మరాఠీ పత్రికలను. తొలగించు కత్తి నొకసారి యధికారుల చేతికిచ్చినచో నది మొదట తెగవేయునది అధికారులకు గిట్టని మాటయే. మనము కోరవలసినది తొలగింపు కాదు, బహిరంగము. ఈ వీడియో నాకేల చూపబడెను? ఏ గుఱుతులనుబట్టి? నా చరిత్రను ద్రవ్వకుండ నూరివారందఱికిని ఒకే విధముగ చూపు మార్గము నాకేల లేదు? ఐరోపావారు 2022లో డిజిటల్ సేవల శాసనము చేసిరి. పెద్దసంస్థలు తమ సిఫారసుల ముఖ్యసూత్రములను సాదాభాషలో తెలుపవలెననియు, చూపరి స్వభావమును లెక్కింపని పద్ధతి నొకదానినైన నందుబాటున నుంచవలెననియు నందు గలదు. 2023 ఆగస్టు నుండి పెద్దసంస్థలు దానికి లోబడవలసివచ్చెను. మన దేశమున 2021లో వచ్చిన నియమములు ఫిర్యాదులను స్వీకరించు నధికారిని, తొలగింపు గడువులను నిర్ణయించినవే గాని, ఈ హక్కును మనకీయలేదు. పారిసు పౌరునకు లభించినది పాలకొల్లు పౌరున కేల లభింపరాదో మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు చెప్పవలెను.

మన విద్యాసంస్థల విషయమున గూడ నొకమాట. గుంటూరు చెంత లాంలో మిరపను గూర్చి పరిశోధనము చేయువారున్నారు. అట్టి సంస్థలవారు వీడియోలు తీయుటలేదని కాదు. తీసినవానికి "సమగ్ర సస్యరక్షణ యాజమాన్య పద్ధతులు" అని పేరు పెట్టుదురు. ఏ రైతు ఫోనునందు నీ మాటలు పలికి వెదకును? మందు పేరును, మోతాదును శీర్షికలోనే చెప్పివేయుట నేర్చుకొనవలెను. ఎఱకు విరుగుడు ఎఱ కాదు. జవాబు ముందుగ జెప్పిన శీర్షిక. లోపల మూడు నిమిషములే యున్నను, యంత్రము దానిని వెనుకకు నెట్టినను, వెదకువాని కంటికి జవాబు పేరులోనే దొరకును.

ఇంట జేసికొనదగిన పని యొకటి గలదు. యూట్యూబు అమరికలలో చూపుచరిత్ర యను దానిని నిలిపివేయు మీట యున్నది. దానిని నిలిపి, పాతచరిత్రను దుడిచివైచినచో, 2023 ఆగస్టు నుండి ముంగిటి పుట ఖాళీగా గనబడునట్లు వారే యేర్పాటు గావించిరి. దండలు లేవు, బాణములు లేవు, నోరు తెఱచిన మొగములు లేవు. పైన వెదకుకొను పెట్టె మాత్ర ముండును. పదియవతరగతి చదువు పిల్లవానిచేత నైదు నిమిషములలో చేయించుకొనవచ్చును.